గుడ్ల గదికి రెండు డిగ్రీలు

ఒకరు మీట నొక్కితే ఇంకొకరికి పని జరగడం ప్రభుత్వంలో వింతేమీ కాదు. మా ఆఫీసులో మాత్రం దాన్ని గోడకు బిగించి, రిబ్బను కత్తిరించి మరీ ప్రారంభించారు.

మాది పట్టుగుడ్ల కేంద్రం. కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరం. పట్టుపురుగుల గుడ్లను పొదిగించి, సరిగ్గా పగిలే రోజుకు రైతుల చేతిలో పెట్టడం మా పని. నా పేరు తిప్పేస్వామి. ఇరవై ఎనిమిదేళ్లుగా గుడ్ల గదికి బాధ్యుణ్ణి. ఆవగింజకన్నా చిన్నదైన ఆ గుడ్డు మహా సుకుమారి. పది రోజులూ ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఉండాలి. బాగా తగ్గితే లోపలి పురుగు ఎదగదు. ముప్ఫై దాటితే కుంగుతుంది. ముప్ఫై ఐదు దాటి ఒక పూట గడిచిందంటే ఇక లేవదు. అటువైపు రైతు కూడా రోజులు లెక్కబెట్టుకునే ఉంటాడు. పురుగు బయటికొచ్చే నాటికి లేతాకు అందేలా మల్బరీ తోటను ముందే కత్తిరించి పెట్టుకుంటాడు. గుడ్డు పోతే ఆకు ఆగదు, ముదిరిపోతుంది.

ఆ విడతలో నలభై మంది రైతుల గుడ్లున్నాయి. వాళ్లలో ఈరక్క ఒకతె. ఒంటరి మనిషి, ఎకరం తోట. పోయిన పంట ఎండకు మాడిపోయింది. గుడ్లు పొదగబెట్టిన రోజే ఆఫీసుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"సామీ, ఈ పంట గూడా పోతే తోట పెరికేసి బెంగుళూరు ఇటికల బట్టీకి పోవల్ల నేను. నీ బిడ్డల మాదిరి సూసుకో."

"నువ్వు పొయ్యి షెడ్డుకు సున్నం కొట్టుకోక్కా. పదో దినం పొద్దున్నే పురుగు నీ చేతిలో పెడతా," అన్నాను.

అంత ధైర్యంగా మాట ఇవ్వడానికి కారణం కొత్త ఏసీ. మేడమీద ఒకే పెద్ద పెట్టె. దాన్నుంచి నాలుగు గదులకు నాలుగు జతల రాగి గొట్టాలు, నాలుగు తీగలు. గది తీగ "నాకు చలువ కావాలి" అని పైకి చెబుతుంది, పైపెట్టె ఆ గది గొట్టంలోకి చలువ పంపుతుంది. నాలుగు గదులంటే ఉపసంచాలకుల వారి గది, నా గుడ్ల గది, సమావేశ మందిరం, సామాన్ల గది. రాత్రిళ్లు మా ఊరు ఎలాగూ చల్లగానే ఉంటుంది. కష్టమంతా పగలే.

మొదటి రోజే పదకొండు గంటలకు మా ఉపసంచాలకులు పరాంకుశం గారు నన్ను పిలిపించారు. ఆయన గదిలో అడుగుపెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టుంది.

"తిప్పేస్వామీ, నేను పద్దెనిమిది డిగ్రీలు ఆదేశించి రెండు గంటలైంది. ఇంతవరకు ఆదేశం అమలు కాలేదు. ఏమిటీ అలసత్వం?"

"సార్, నా గదిలో ఇరవై ఐదు పెడితే పంతొమ్మిదికి దిగిపోయింది. గుడ్ల మీద దుప్పటి కప్పి వచ్చాను."

ఆయన నన్ను అనుమానంగా చూసి, పదహారుకు తగ్గించారు. నా గది పద్దెనిమిదికి దిగింది. ఆ చలికి నా యంత్రం "చాలు బాబూ" అని ఊరుకుంది. అది ఊరుకున్నకొద్దీ ఆయన గది మరింత వేడెక్కింది. ఆయన చొక్కా పై గుండీ విప్పారు. ఇక్కడ నేను రెండో దుప్పటి వెతుక్కున్నాను.

మెకానిక్ బాబ్జాన్‌ను పిలిపించాను. అతను నాలుగు గదుల ఏసీలూ ఆపేసి, ఉపసంచాలకుల వారి గదిలో ఒక్కటే వేసి, మేడెక్కి గొట్టాలు చేత్తో పట్టుకుని చూశాడు. తర్వాత అది ఆపి, నాది వేయించి మళ్లీ పట్టుకున్నాడు. దిగొచ్చి నవ్వాడు.

"ఏం లేదు సార్. పెద్దసారు గదిలో వేస్తే మీ గది పైపు సల్లబడతాండాది. మీరేస్తే ఆయప్పది. ఈ రెండు గదుల తీగలూ పైన తారుమారు చేసి బిగిచ్చినారు. దానిది దీంట్లో, దీనిది దాంట్లో పెడితే సరి. పది నిమిషాల పని."

ఆ పది నిమిషాల పని కోసమే ఈ కథంతా.

పరాంకుశం గారు బీరువా తెరిచి ఒక కాగితం తీశారు. ఏసీ అమరిక సర్వవిధాలా సక్రమంగా ఉందని ధ్రువపత్రం. కింద ఆయన సంతకం, గుండ్రటి ముద్ర.

"చూడు తిప్పేస్వామీ. మరమ్మతు చేయాలంటే దోషం ఉండాలి. దోషం ఉందంటే ఈ పత్రం తప్పు. ఈ పత్రం తప్పయితే కింద సంతకం చేసింది ఎవరు?"

"మీరే సార్."

"కాబట్టి దోషం లేదు. అయినా నీ సంతృప్తి కోసం నిజనిర్ధారణ సంఘాన్ని వేస్తాను."

మూడో రోజు సంఘం వచ్చింది. ముగ్గురు సభ్యులు, వాళ్లకొక అధ్యక్షుడు. నిబంధన ప్రకారం నాలుగు గదుల ఏసీలూ ఒకేసారి వేయించి, సమావేశ మందిరంలో కూర్చుని టీ, మద్దూరు వడ కానిచ్చారు. అరగంటకు ఉష్ణమాపకం పట్టుకుని నాలుగు గదులూ తిరిగారు. నాలుగూ వేడి గదులే కాబట్టి నాలుగు తీగలూ చలువ కావాలని అరిచాయి, నాలుగు గొట్టాల్లోకీ చలువ వచ్చింది. ఎవరి అరుపుకు ఎవరి గొట్టం పలికిందో ఉష్ణమాపకానికేం తెలుసు? అన్ని గదులూ చల్లగా ఉన్నాయి.

బాబ్జాన్ ఉండబట్టలేక చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, అన్నీ ఒకేతూరి వేస్తే ఎట్ల తెలుస్తాది? ఒగటొగటే వేసి సూడండి సార్. తప్పు అప్పుడే బయటపడేది."

అధ్యక్షుడు కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఇది సమష్టి శీతలీకరణ వ్యవస్థ. దీన్ని వ్యష్టిగా పరీక్షించడానికి నిబంధన లేదు. నువ్వేం చదువుకున్నావు?"

"పైపులు సార్," అన్నాడు బాబ్జాన్. దోషరహితం అని రాసి నలుగురూ సంతకాలు పెట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడు పత్రాలు రెండయ్యాయి, డిగ్రీలు మాత్రం ఎవరివి వారికి అందడంలేదు. నాలుగో రోజు ఉష్ణ సమన్వయ ఉత్తర్వు వెలువడింది. దాని ప్రకారం నా గదికి చలువ కావాలంటే నేను ఉపసంచాలకుల వారికి చీటీ పంపాలి, ఆయన తన గదిలో మీట నొక్కుతారు. ఆయనకు కావాలంటే నాకు చీటీ పంపుతారు. ఫోనులో చెప్పడం కుదరదు, ఫోనుకు ఆవక జావక పుస్తకంలో నంబరు ఉండదట. చీటీలు మోయడానికి అటెండరు కుళ్లాయప్ప. ఆయనకు పదవీ విరమణ ఇంకో ఏడాది, మోకాళ్లు మాత్రం ముందే విరమించాయి.

"గుడ్ల గదికి రెండు డిగ్రీలు మంజూరు చేయ ప్రార్థన" అని నేను రాస్తాను. కుళ్లాయప్ప మెల్లగా వెళతాడు. ఉపసంచాలకుల వారు పక్కన ఎర్ర సిరాతో "మంజూరు" అని రాసి మీట నొక్కుతారు. కుళ్లాయప్ప ఆ చీటీతో తిరిగొచ్చేసరికి నా గది ఇరవై రెండుకు దిగిపోయి ఉంటుంది. "మంజూరు నిలుపుదల చేయ ప్రార్థన" అని ఇంకొకటి. ఈలోగా ఉపసంచాలకుల వారి చెమట చీటీ ఎదురొస్తుంది. సాయంత్రానికి నలభై ఆరు చీటీలు.

"ఏం సార్, ఈ వయసులో నన్ను బిళ్లంగోడు మాదిరి అటూ ఇటూ కొడతాండారు!" అని కుళ్లాయప్ప మెట్టుమీద కూలబడి పిక్కలు ఒత్తుకున్నాడు. పాపం, నాకు నిజంగానే బాధేసింది.

అయిదో రోజు పరాంకుశం గారికే విసుగొచ్చింది. "నేను ఉపసంచాలకుణ్ణా, స్విచ్చునా?" అని చీటీ విసిరేసి, గదులు మార్చేద్దామన్నారు. గుడ్ల తట్టలన్నీ ఆయన గదిలోకి, ఆయన బల్ల, కుర్చీ, తివాచీ, ఫొటోలు నా గదిలోకి. మధ్యాహ్నం దాకా మోసి, ఏసీలు వేసి చూసుకుంటే ఆయనది నాకు, నాది ఆయనకు వస్తోంది. తీగలు తారుమారుగా ఉంటే మనుషుల్ని తారుమారు చేసి ఏం లాభం? ఆయన పేరున్న ఇత్తడి పలక గోడకు సిమెంటుతో అతికించి ఉంది కాబట్టి, అది లేని గదిలో సంతకం చెల్లదని సాయంత్రానికి మళ్లీ అన్నీ మోయించారు. మోతల్లో ఒక్క తట్ట కూడా ఒలకనివ్వలేదు నేను. ఆ పూట దేవుణ్ణి తలుచుకున్నన్నిసార్లు పెళ్లిలో కూడా తలుచుకోలేదు.

ఆరో రోజు పొద్దున పరాంకుశం గారు రెండు రోజుల శిక్షణకు దగ్గర్లోని ఒక కొండప్రాంతానికి వెళ్లారు. విషయం, విద్యుత్తు పొదుపు. వెళుతూ గదికి తాళం వేసి, తాళంచెవి కుళ్లాయప్పకిచ్చి, తలుపుమీద ఒక ఉత్తర్వు అంటించి వెళ్లారు. "కుర్చీలో ఒకరు ఆసీనులై ఉన్నప్పుడు మాత్రమే ఈ గది శీతల యంత్రం వినియోగించవలెను."

ఆ గది ఏసీ వేయకపోతే నా గదికి చలువ లేదు. పదిన్నరకు గుడ్ల గది ముప్ఫై ఒకటి. తడి గోనెపట్టలు వేలాడదీశాను. పదకొండుకు ముప్ఫై రెండు. కొండప్రాంతానికి ఫోను చేశాను.

"సార్, గుడ్లు మాడిపోతాయి. మీ గది ఏసీ వేయనివ్వండి."

"నా కుర్చీ ఖాళీగా ఉండగా నా గది చల్లబడటం నైతికంగా ఎంతవరకు సబబు? నేనిక్కడ ఇప్పుడే పొదుపు గురించి విని వస్తున్నాను."

"పోనీ ఇన్‌ఛార్జి ఎవరో చెప్పండి సార్, వాళ్లను కూర్చోబెడతాను."

"అది నేను వచ్చాక పరిశీలిస్తాను," అని పెట్టేశారు.

అప్పుడే ఈరక్క వచ్చింది, గుడ్లు ఎట్లున్నాయో చూసిపోదామని. ఉష్ణమాపకం చదవడం ఆమెకు రాదు, నా మొహం చదివింది. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె తలుపుమీది కాగితం వైపు చూపించింది.

"దాంట్లో ఏం రాసినారో సదువు సామీ."

చదివాను.

"ఒకరు కూసోవల్ల అనే కదా ఉండేది? ఎవురని రాసినారా?"

"రాయలేదక్కా."

"అట్లయితే తలుపు తియ్."

కుళ్లాయప్ప తాళం తీశాడు. ఈరక్క చెప్పులు బయట విడిచి, కొంగుతో కుర్చీ తుడిచి, దండం పెట్టుకుని కూర్చుంది. కుళ్లాయప్ప రిమోట్ ఎలా నొక్కాలో నేర్పాడు. పావుగంటలో గుడ్ల గది ముప్ఫైకి, మరో అరగంటలో ఇరవై ఆరుకు దిగింది. నేను తడి గోనెపట్టలు దించేశాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కృతజ్ఞతగా నా ఏసీ వేసి ఆమె గదిని కూడా చల్లబరిచాను. మధ్యాహ్నం భోజనానికి పిలుద్దామని వెళితే ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది.

"సల్లగా ఉండాది, పనేం లేదు. దీనికి అంత సదువు ఎందుకు సామీ?"

"ఆ ప్రశ్న వేయడానికి కూడా చదువు కావాలక్కా."

"అది సరే గానీ, రేపు నేను రాలేను. షెడ్డుకు మందు కొట్టల్ల. రేపు ఎవురు కూసుంటారు?"

నేను కూర్చుంటే గుడ్లు చూసే దిక్కులేదు. కుళ్లాయప్పను కూర్చోమంటే "ఆ కుర్సీలో కూసుంటే పింఛను పోతాది" అని రెండు చెవులూ పట్టుకున్నాడు. బాబ్జాన్‌కు కబురు పెట్టాను. అతను వచ్చాడు గానీ, ఆర్డరు లేనిదే తీగ ముట్టనన్నాడు. ఈరక్క కుర్చీలోంచే చెయ్యి ఊపి పిలిచింది.

"ఇట్ల రాప్పా. పొయ్యి ఆ తీగలు సరిగ్గా పెట్టు."

బాబ్జాన్ నా వైపు చూశాడు, ఇత్తడి పలక వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు. "ఆర్డరేనా అక్కా?"

"ఆర్డరే."

పది నిమిషాలన్నాడు గానీ ఎనిమిదే పట్టింది. దిగొచ్చి ఒక్కొక్క గదే వేసి చూపించాడు. నాది నాకు, ఆయనది ఆయనకు. మర్నాడు ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, ఆ గదిలో ఏసీ వేయలేదు, నా గది ఇరవై ఐదు దగ్గర కదలకుండా నిలబడింది.

ఎనిమిదో రోజు పరాంకుశం గారు తిరిగొచ్చారు. అప్పటికి గుడ్ల మీద నల్లగుడ్డ కప్పేశాను. ఆఖరి రెండు రోజులూ చీకట్లో ఉంచి, పదో రోజు పొద్దున వెలుగు చూపిస్తే అన్నీ ఒకేసారి పగులుతాయి. ఆ రెండు రోజులూ నేను గదిలో గట్టిగా మాట్లాడను కూడా. ఆయన తన గదిలో ఇరవై నాలుగు నొక్కారు. ఇరవై నాలుగు వచ్చింది. ఆయన మొహం పాలిపోయింది.

"ఎవరు చేశారిది?"

చెప్పాను. ఈరక్క పేరు మాత్రం చెప్పలేదు. "కుర్చీ నుంచి మౌఖిక ఆదేశం వచ్చింది సార్," అన్నాను.

"తిప్పేస్వామీ, దోషం లేదని సంఘం తేల్చిన యంత్రంలో నువ్వు దోషం సరిచేయించావు. లేని దోషాన్ని సరిచేయడం అంటే ఉన్న సక్రమాన్ని చెడగొట్టడం. సాయంత్రం నాలుగింటికల్లా యథాస్థితికి తీసుకురావాలి. నువ్వు ధ్రువీకరించాలి. రేపు సంఘం వచ్చి పరిశీలిస్తుంది."

"సార్, ఎల్లుండి పగులుతాయి సార్. రెండు రోజులు ఆగండి. నలభై మంది తోటల్లో ఆకు కోతకొచ్చి ఉంది. మీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు పట్టుకోవడం సర్వీసు నిబంధనల్లో లేదు. గుడ్లయినా సరే, కార్యాలయ ఆవరణలో ఉన్నంతకాలం కార్యాలయ క్రమశిక్షణకు లోబడాల్సిందే."

బాబ్జాన్, నేను మేడెక్కాం. అతను పైపెట్టె మూత తీసి, స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పండి సార్. పీకమంటే పీకుతా."

నా సర్వీసులో నేనొక్క అబద్ధమూ రాయలేదు. పగిలిన గుడ్ల శాతం తక్కువొస్తే తక్కువే రాశాను, తిట్లు తిన్నాను. పింఛనుకు నాలుగేళ్లుంది. కింద నల్లగుడ్డ చాటున లక్షల ప్రాణాలున్నాయి. ఈరక్క ఆ పూట మందు కొట్టిన షెడ్డులో తట్టలు సర్దుకుంటూ ఉంటుంది.

"మూత పెట్టెయ్ బాబ్జాన్," అన్నాను.

అతను మారుమాట లేకుండా మూత బిగించాడు. ఎనిమిది నిమిషాలు నీడలో కూర్చుని అతని జేబులోని వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నాం. దిగొచ్చి "తీగలను యథాస్థితికి తెచ్చితిమి" అని రాసి సంతకం పెట్టాను. నా సంతకం నాకే వేరేవాళ్లదిలా కనిపించింది.

తొమ్మిదో రోజు సంఘం వచ్చింది. నాలుగు గదులూ ఒకేసారి వేయించారు. టీ, మద్దూరు వడ. ఉష్ణమాపకం. యథాస్థితి సంపూర్ణంగా పునరుద్ధరించబడినదని రాశారు. పరాంకుశం గారు తన గదిలో కళ్లు మూసుకుని వెనక్కి వాలారు.

"చూశావా? ఇదీ అసలైన చల్లదనం. మొన్న నువ్వు చేయించిందాంట్లో ఏదో వెలితి ఉండింది."

"అవును సార్," అన్నాను. అబద్ధం రెండోసారి సులువుగా వచ్చింది.

పదో రోజు తెల్లవారి ఆరింటికి నల్లగుడ్డ తీశాను. వెలుగు పడగానే కాగితాల మీద నల్లదారపు పోగులు మెసలడం మొదలైంది. గంటలో తట్ట తట్టంతా నల్లగా కదిలిపోయింది. నూటికి తొంభై రెండు పగిలాయి. నా సర్వీసులో ఎన్నడూ అంత రాలేదు. ఈరక్క తట్ట మీదికి వంగి, ఊపిరి తగులుతుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. తట్ట నెత్తిన పెట్టుకుని, బస్సు కుదుపులకు భయపడి ఆరు మైళ్లూ నడిచే పోయింది.

వారానికి నాకు మెమో వచ్చింది. యంత్రం యథాస్థితిలో ఉండగా, గత విడతల అనుభవానికి విరుద్ధంగా తొంభై రెండు శాతం గుడ్లు పగలడానికి కారణమేమి? మూడు రోజుల్లో సంజాయిషీ.

నాకు ఒళ్లు మండింది. ఒకే వాక్యం రాశాను. "అయ్యా, పురుగులు ధ్రువపత్రం చదువుకోలేదు."

అది పైకి పోయింది. పైనుంచి ఇంకా పైకి పోయింది. నెల తిరక్కుండా ఉత్తర్వు దిగింది. ధ్రువపత్రంలోని అంశాలను పురుగులకు ఎప్పటికప్పుడు తెలియజేయకపోవడం గుడ్ల గది బాధ్యుని లోపమనీ, ఇకపై ప్రతి విడతకూ పొదిగే పది రోజులూ ఉదయం పదిన్నరకు గుడ్ల ఎదుట బిగ్గరగా చదివి వినిపించి, విన్నట్టు పుస్తకంలో నమోదు చేయాలనీ.

తర్వాతి విడత మూడో రోజున నేను తట్టల ముందు నిలబడి చదువుతున్నాను. కుళ్లాయప్ప సాక్షి. ఈరక్క గుమ్మం దగ్గరికొచ్చి ఆగింది. చేతిలో గట్టిగా, తెల్లగా ఉన్న పట్టుగూళ్లు ఒక గుప్పెడు, నాకు చూపిద్దామని తెచ్చింది. నేను చదవడం ఆపలేదు, మధ్యలో ఆపితే మొదటినుంచి చదవాలి. ఆమె అర్థంకాక కుళ్లాయప్పను అడిగింది.

"ఏందన్నా, గుడ్లకు సామి ఏం సదువుతాండాడు?"

"సర్కారు మంత్రం," అన్నాడు కుళ్లాయప్ప.

ఆమె గూళ్లు గడప మీద పెట్టి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది.

"రోంత మెల్లగా సదువు సామీ," అంది. "వాటికి ఇనబడితే కష్టం."